కృష్ణా నీళ్ళ లెక్కని శాస్త్రవేత్తలకి వదిలేస్తే తేలిపోదా?

అడిగినవారు సివిల్ మూడో సంవత్సరం విద్యార్థి. ప్రశ్న సారాంశం ఇది: హైడ్రాలజీలో, అంటే జలశాస్త్రంలో, వర్షానికీ ప్రవాహానికీ నిల్వకీ అన్నిటికీ సూత్రాలున్నాయి, ఏ నదిలో ఎంత నీరుందో లెక్క కట్టొచ్చు. మరి కృష్ణా నీళ్ళ తగాదా యాభై ఏళ్ళు దాటినా ఎందుకు తెగలేదు? నాయకుల్నీ లాయర్లనీ పక్కన పెట్టి శాస్త్రవేత్తలకి అప్పగిస్తే పోదా? చివర్లో ఇంకోటి కూడా అడిగారు, ఈ రంగంలో పీజీ చేస్తే ఉపయోగం ఉంటుందా అని.

నేను నీటిపారుదల శాఖలో కాలువల మీద ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేరాను. ఎక్కువ కాలం ప్రవాహాలు కొలిచే పనిలో ఉన్నాను. చివర్లో అంతర్రాష్ట్ర జల వ్యవహారాల ఫైళ్ళు చూసి రిటైరయ్యాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, పోదు. నదిలో ఎంత నీరు వచ్చిందో కొలిచి చెప్పగలం, అది కూడా కొంత తేడాతో. అందులో ఎంత నీటిని పంచుకోదగ్గదిగా లెక్కేసుకోవాలి, కరువు ఏడాది ఎవరి పొలం ఎండాలి, ముందు కాలువ తవ్వుకున్నవాడికి ఎంత హక్కు ఉండాలి, ఇవి ఏ సూత్రంలోంచీ రావు. వీటిని జనం, వాళ్ళ ప్రతినిధులు, కోర్టులు తేల్చుకోవాలి. కాబట్టి రాజకీయం ఇందులోకి రావడం నాకు తప్పుగా అనిపించదు. ఒక రాజకీయ నిర్ణయాన్ని టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) అంకె వెనక దాచి "ఇది సైన్స్, ఇంక మాట్లాడకండి" అంటేనే నాకు అభ్యంతరం.

ముందు కొలత సంగతి చూద్దాం. క్లాసులో వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే ప్రవాహం వస్తుందని చెప్పేస్తారు. ఏటి దగ్గర ఆ రెండు ముక్కల కోసం సగం పూట పడుతుంది. ఒడ్డు నుంచి ఒడ్డుకి తాడు కట్టి, దాని మీద సమదూరంలో గుర్తులు పెట్టి, పడవలో ఒక్కో గుర్తు దగ్గర ఆగాలి. సీసపు గుండు దించి లోతు చూడాలి. తర్వాత కరెంట్ మీటర్ దించాలి. నీటి వేగానికి దాని గిన్నెలు తిరుగుతుంటే హెడ్‌ఫోన్‌లో టిక్కు టిక్కు వినిపిస్తుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని ఆ టిక్కులు లెక్కపెట్టాలి. లోతు తక్కువైతే పైనుంచి పదింట ఆరు వంతుల లోతులో ఒక్కసారి, ఎక్కువైతే రెండు వంతుల దగ్గర, ఎనిమిది వంతుల దగ్గర రెండుసార్లు తీసి సగటు కడతాం. రోజూ ఇంత పని కుదరదు గనక, రకరకాల నీటిమట్టాల దగ్గర కొలిచి మట్టానికీ ప్రవాహానికీ మధ్య ఒక గీత గీసుకుంటాం, దాన్నే రేటింగ్ కర్వ్ అంటాం. తర్వాత గేజ్ రీడర్ పొద్దున ఎనిమిదింటికి స్కేలు చూసి మట్టం రాస్తే చాలు, ప్రవాహం ఆ గీత చెప్తుంది.

ఇందులో ఇబ్బంది ఎక్కడంటే, వరదకి ఏటి అడుగు మారుతుంది, ఇసుక తవ్వినా మారుతుంది. పాత గీత అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. పెద్ద వరదలో పడవ దిగదు, కాబట్టి గీత పై కొస ఎప్పుడూ ఊహే. 2009 అక్టోబర్‌లో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగులు) వచ్చిందని పేపర్లలో చదివే ఉంటారు, కర్నూలు మునిగిన వరద అది. అంత నీటిలో మీటరు పెట్టి కొలవడం ఎవరి తరమూ కాదు. జలాశయం ఎంత వేగంగా పెరిగింది, గేట్ల నుంచి ఎంత పోయింది చూసి వెనక్కి లెక్కగట్టాలి. మంచి స్టేషన్‌లో జాగ్రత్తగా తీసిన కొలతలో కూడా ఐదు శాతం అటూ ఇటూ ఉంటుందని మేం అనుకునేవాళ్ళం.

ఐదు శాతమే కదా అనకండి. కృష్ణా నీటిని రాష్ట్రాల మధ్య పంచడానికి కేంద్రం వేసిన బచావత్ ట్రిబ్యునల్ పంచిన నీరు 2,130 టీఎంసీలు. అందులో ఐదు శాతమంటే 106 టీఎంసీలు. ఒక టీఎంసీకి పది వేల ఎకరాల ఆరుతడి పంట అని మా శాఖలో వాడుక లెక్క. ఆ చొప్పున పది లక్షల ఎకరాల ఆయకట్టు ఈ తేడాలోనే ఉంది. రాష్ట్రాలు కొట్లాడుకునే అంకెలు చాలావరకు ఇంతకంటే చిన్నవి.

నదిలో కనబడే నీరు వేరు, పంచే నీరు వేరు. ఇది విద్యార్థులకి ఎవరూ గట్టిగా చెప్పరు. విజయవాడ దగ్గర కొలిచిన ప్రవాహం, పైన అందరూ వాడుకోగా మిగిలింది. నది మొత్తం దిగుబడి కావాలంటే పైన వాడిన నీరు, జలాశయాల్లో ఆవిరైంది, నిల్వలో వచ్చిన మార్పు, చెరువుల కింద పారింది అన్నీ తిరిగి కలపాలి. పొలాల నుంచి మళ్ళీ నదిలోకి ఊరి వచ్చింది తీసేయాలి. ఇక్కడ జాగ్రత్తగా చూడండి: పైన వాడిన నీటి లెక్క ఇచ్చేది ఎవరు? ఆ రాష్ట్రాలే. తన వాడకం కేటాయింపు లోపలే ఉందని చూపించుకోవాల్సిన చోట తక్కువ రాయాలనిపిస్తుంది, హక్కు నిలబెట్టుకోవాల్సిన చోట ఎక్కువ రాయాలనిపిస్తుంది. వేల చెరువుల కింద వాడకానికి మీటర్లు లేవు, ఆయకట్టు ఎకరాలని బట్టి అంచనా వేస్తారు. కంప్యూటర్ మోడల్ ఎంత గొప్పదైనా ఈ రిపోర్టులే దానికి మేత. కాబట్టి శాస్త్రవేత్తలకి అప్పగించినా, వాళ్ళు మొదలుపెట్టే అంకెల్లోనే తగాదా పడి ఉంటుంది.

ఇక అసలు విషయం, విశ్వసనీయత. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ ముందు 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ళ రికార్డు ఉంది. ఆ ఏళ్ళని ఎక్కువ నీరున్న ఏడాది నుంచి తక్కువ నీరున్న ఏడాది దాకా వరసలో పెట్టండి. నూటికి 75 ఏళ్ళు కనీసం ఎంత నీరు వచ్చిందో చూడండి. అది 2,060 టీఎంసీలు. ఈ అంకెని మూడు రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి. దానికి పొలాల నుంచి తిరిగి నదికి చేరే 70 టీఎంసీలు కలిపి మహారాష్ట్రకి 585, కర్ణాటకకి 734, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 811 అన్నారు. మన దగ్గర నికర జలాలు అనేది వీటినే.

వరసలో పెట్టడం, అంకె చదవడం గణితం. 75 దగ్గర ఎందుకు ఆగాలి అన్నది గణితం కాదు. మామూలుగా తాగునీటికి నూరు శాతం, జలవిద్యుత్తుకి 90, సాగుకి 75 తీసుకుంటారు. సాగుకి 75 అంటే నాలుగేళ్ళలో ఒక ఏడాది నీళ్ళు చాలకపోయినా రైతు తట్టుకుంటాడు, దానికి బదులు మిగతా మూడేళ్ళూ ఎక్కువ ఎకరాలు తడుస్తాయి అనే బేరం. బేరం మంచిదే కావచ్చు. కానీ తట్టుకోవాల్సిన రైతు ఎవరో ఆ శాతం చెప్పదు. కాలువల మీద పనిచేసినవాణ్ణి గనక నాకు తెలుసు, అది ఎప్పుడూ చివరి భూముల రైతే. పై తూముల వాళ్ళు తమ వంతు తీసుకున్నాకే కిందికి చుక్క వస్తుంది.

2004లో వేసిన రెండో ట్రిబ్యునల్, బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్, ఈ 75 శాతం గీతనే జరిపింది. 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్ళ శ్రేణి తీసుకుంది. దాని ప్రకారం 75 శాతం దగ్గర 2,173, 65 శాతం దగ్గర 2,293, సగటు 2,578 టీఎంసీలు. పంపకానికి 65ని ఎంచుకుంది, ఆపైన సగటు దాకా ఉన్న నీటిని కూడా పంచింది. 2013 నాటి తుది నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కి 1,005, కర్ణాటకకి 907, మహారాష్ట్రకి 666 అంది. పాత రికార్డు కూడా కలిపి పొడవైన శ్రేణి తీసుకోవాలని ఆంధ్రప్రదేశ్ వాదించింది. ఏ ఏడాది నుంచి మొదలుపెట్టాలి అన్న ఒక్క ఎంపికతో వందల టీఎంసీలు పుడతాయి, పోతాయి. రెండు ఎంపికలకీ సాంకేతిక కారణాలు చెప్పొచ్చు. పాత కొలతల నాణ్యత తక్కువ అనొచ్చు, పొడవైన రికార్డులో కరువులు బాగా పట్టుబడతాయి అనొచ్చు. హైడ్రాలజీ రెండింటినీ ఒప్పుకుంటుంది, ఒకదాన్ని ఎంచదు.

ఆంధ్రప్రదేశ్ వాటా 811 నుంచి 1,005కి పెరిగింది కదా, గొడవ ఎందుకు అని అడుగుతారు. పాత తీర్పులో నికర జలాలు పోగా మిగిలింది, హక్కు కాకపోయినా, వాడుకునే స్వేచ్ఛ దిగువన ఉన్న మనకి ఉండేది. ఆ మిగులు మీద నమ్మకంతోనే తెలుగుగంగ, హంద్రీనీవా, గాలేరు-నగరి, వెలిగొండ, కల్వకుర్తి, నెట్టెంపాడు, ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) ప్రాజెక్టులు మొదలయ్యాయి. అటు సీమ, ప్రకాశం, నెల్లూరు, ఇటు పాలమూరు, నల్గొండ, అన్నీ ఎండిన నేలలే. మిగులు కూడా పంచేశాక వీటి కింద నీరు ఎక్కడిది? ఎగువన కర్ణాటకలోని ఆలమట్టి డ్యాంలో నీటిమట్టం 519.6 మీటర్ల నుంచి 524.256కి పెంచుకోవచ్చని కూడా ఆ ట్రిబ్యునల్ అంది. పైన గిన్నె పెద్దదైతే అది నిండేదాకా కిందికి రావడం ఆలస్యమవుతుంది. ఏడాది మొత్తం టీఎంసీలు అవే కావచ్చు, కానీ డెల్టాకి జూన్‌లో రావాల్సిన నీరు ఆగస్టులో వస్తే నాట్లు వెనకబడతాయి, కోతలు తుఫాన్ల రోజుల్లో పడతాయి. వార్షిక దిగుబడి అనే ఒక్క అంకెలో ఈ నెలల తేడా కనబడదు. నాలుగేళ్ళకో కరువు మూడేళ్ళకో కరువు అయితే, ఆ కరువు అన్ని రాష్ట్రాలకీ సమానంగా పడదు, నది పారే దిక్కునే పడుతుంది. దిగువ రాష్ట్రానికి శ్రీశైలం, సాగర్‌లలో 150 టీఎంసీలు మరుసటి ఏడాదికి దాచుకోవచ్చని ట్రిబ్యునల్ వెసులుబాటు ఇచ్చింది. అది ఈ నష్టానికి సరిపోతుందా అన్నది ఇంజనీర్ల లెక్కతో మొదలవుతుంది, అక్కడితో ముగియదు. సుప్రీంకోర్టులో కేసులుండటం వల్ల ఆ నివేదిక గెజిట్‌కి ఎక్కలేదు, బచావత్ పంపకమే నడుస్తోంది.

ఒక విదేశీ ఉదాహరణ చెప్తాను, ఇది మన ఒక్కరి జబ్బు అనుకోకుండా. అమెరికాలో కొలరాడో నదిని 1922లో పంచారు. పై రాష్ట్రాలకి 75 లక్షల ఎకరా-అడుగులు, కింది రాష్ట్రాలకి అంతే. మొత్తం మన కొలతలో సుమారు 650 టీఎంసీలు. ఆ అంకె వెనక ఉన్న రికార్డు చిన్నది, అందులో బాగా వానలు పడిన ఏళ్ళు ఎక్కువ. నదిలో అంత నీరు నిలకడగా లేదని వాళ్ళ జియలాజికల్ సర్వేలో పనిచేసే లారూ అనే జలశాస్త్రవేత్త హెచ్చరించాడు. ఒప్పందం కుదరాలంటే అందరికీ చాలేంత పెద్ద అంకె కావాలి కాబట్టి ఆయన మాట పక్కకి పోయింది. నూరేళ్ళ తర్వాత ఆ రాష్ట్రాలు లేని నీటి కోసం కోతలు పంచుకుంటున్నాయి. శాస్త్రం లేక కాదు, వినదలుచుకున్న శాస్త్రాన్ని ఎంచుకోవడం వల్ల.

ఎవరు ముందు? ఇది మూడో చిక్కు, మన రెండు రాష్ట్రాలకీ బాగా దగ్గరిది. బచావత్ ట్రిబ్యునల్ 1960 సెప్టెంబర్ నాటికి నడుస్తున్న, తలపెట్టిన వాడకాలకి రక్షణ ఇచ్చింది. అవే మొత్తం 1,693 టీఎంసీలు, అందులో 749 మన ఉమ్మడి రాష్ట్రానివి. ఉన్న నీటిలో పెద్ద భాగం అక్కడే అయిపోయింది. ఆ తేదీకి ముందు ఎవరి ప్రాంతంలో కాలువలు పడ్డాయో వాళ్ళ నీరు నిలబడింది. డెల్టాకి విజయవాడ ఆనకట్ట 1855 నాటికే వచ్చింది, తరాలుగా దాని మీద బతికే ఊళ్ళ నీరు తీసేయమని ఏ న్యాయమూర్తీ అనడు, అనకూడదు కూడా. కానీ ఎత్తున ఉండి, కాలువ పారక, లిఫ్టు పెట్టే స్తోమత లేక ఆలస్యమైన పాలమూరు రైతుకి ఆ తేదీ శిక్షలాగే పడింది. ఇప్పుడు తెలంగాణ పరీవాహక ప్రాంతం ప్రకారం పంచమంటోంది, ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహకంలో మూడింట రెండు వంతులకు పైగా తనదేనని. ఆంధ్రప్రదేశ్ ఉన్న ఆయకట్టు, పాత కేటాయింపులు కాపాడమంటోంది. 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కి 512, తెలంగాణకి 299 అని సర్దుకున్నారు. 2023 అక్టోబర్‌లో కేంద్రం ఈ పంపకాన్ని కూడా బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కే అప్పగించింది. వైశాల్యాన్ని శాటిలైట్‌తో చదరపు మీటరు దాకా కొలవొచ్చు. వైశాల్యం ముఖ్యమా, పాత వాడకం ముఖ్యమా అన్నది మాత్రం ఏ శాటిలైట్‌కీ కనబడదు. నా అభిప్రాయం అడిగితే, రెంటినీ కలిపి చూడాలి, తాగునీటికీ ఒక పంటకీ అందరికీ హామీ ఇచ్చాకే రెండో పంట మాట రావాలి. ఇది నా విలువల నుంచి వచ్చిన మాట, నా ఇంజనీరింగ్ నుంచి వచ్చింది కాదు. ఈ తేడా చెప్పి మరీ మాట్లాడటం మా వృత్తి బాధ్యత అనుకుంటాను.

మరి శాస్త్రం దేనికి పనికొస్తుంది? చాలా పనికొస్తుంది. రెండు జిల్లాల సరిహద్దులో పారే ఒక మేజర్ కాలువ మీద నేను పనిచేసినప్పుడు ప్రతి సీజన్లో ఒకటే పేచీ. పైవాళ్ళు రెగ్యులేటర్‌కి ఆనుకుని ఉన్న స్కేలు చూసి "ఇంత వదిలాం" అంటారు. కిందివాళ్ళు హద్దు దాటాక ఉన్న స్కేలు చూసి "అంత రాలేదు" అంటారు. ఎవరూ దొంగ లెక్క రాయలేదు. రెగ్యులేటర్ కింద నీరు సుళ్ళు తిరుగుతూ ఎగిరిపడుతుంది, అక్కడ స్కేలు నిలకడగా చదవలేం. మధ్యలో ఊట రూపంలో కొంత, అనుమతి లేని గొట్టాల ద్వారా కొంత పోతుంది. చివరికి ఇరువైపుల ఏఈలనీ, ఇద్దరు రైతు నాయకుల్నీ ఒకే పడవ ఎక్కించి, ఒకే మీటరుతో రెండు చోట్లా కొలిపించాం. ఒకే పుస్తకంలో అందరూ సంతకాలు పెట్టారు. ఒక రైతు హెడ్‌ఫోన్ తగిలించుకుని తనే టిక్కులు లెక్కపెట్టాడు. ఆ రోజుతో "ఎంత వచ్చింది" అనే పేచీ ఆగింది. "ఎంత రావాలి" అనే పేచీ ఆగలేదు, అది సాగునీటి సలహా మండలి సమావేశంలో ఎమ్మెల్యేల ముందు జరిగింది. జరగాల్సిన చోటే జరిగింది.

రెండు రాష్ట్రాల స్థాయిలో ఇప్పుడు లేనిది ఇదే. కాలువల మీద టెలిమెట్రీ (ప్రవాహాన్ని తనే కొలిచి దూరానికి పంపే యంత్రం) ఎక్కడ పెట్టాలి, శ్రీశైలం నుంచి సీమకి నీళ్ళు తీసుకునే పోతిరెడ్డిపాడు దగ్గర ఏ చోట కొలిస్తే అసలు ప్రవాహం తెలుస్తుంది అన్నది ఏళ్ళ తరబడి వాదన. యంత్రం ఎక్కడ పెట్టాలో సాంకేతికంగా చెప్పడం పెద్ద కష్టం కాదు, రెండు వైపులా నమ్మే కొలత వద్దనుకునేవాళ్ళు ఉంటేనే కష్టం. 2023 నవంబర్ 30న, తెలంగాణ పోలింగ్ రోజు తెల్లవారకముందే, సాగర్ డ్యాం మీద ఆంధ్రప్రదేశ్ పోలీసులు 26 గేట్లలో సగం తమ అధీనంలోకి తీసుకుని కంచె వేశారు, కుడి కాలువకి నీళ్ళు వదిలారు. తర్వాత డ్యాం కేంద్ర బలగాల చేతికి వెళ్ళింది. ఇంజనీర్లు ఉండాల్సిన చోట తుపాకులున్న రోజు అది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి చాలా బాధ కలిగింది.

ఇంకో మాట. పూడిక లాంటి విషయాల్లో రాజకీయానికి శాస్త్రం చెప్పింది వినక తప్పదు. సాగర్ సామర్థ్యం కట్టినప్పుడు 408 టీఎంసీలు, సర్వేల తర్వాత 312. శ్రీశైలం 308 నుంచి 215కి వచ్చింది. ఏ తీర్మానమూ ఆ మట్టిని తీయలేదు. పాత సామర్థ్యం మీద కొత్త హామీలిచ్చే వాళ్ళకి ఈ రెండు అంకెలూ చూపించాలి.

పీజీ గురించి: చేయండి, ఉపయోగం ఉంది. కానీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే నేర్చుకుని ఆగకండి. చదువుతున్నప్పుడే ఒక సెలవుల్లో కేంద్ర జల సంఘం గేజింగ్ స్టేషన్ ఏదైనా అనుమతి తీసుకుని చూడండి, గేజ్ రీడర్‌తో మాట్లాడండి, గీత ఎప్పుడు మార్చారో అడగండి. బచావత్ నివేదిక చదవండి, ఇంజనీరింగ్ వాదన ఎక్కడ ఆగి న్యాయ వాదన ఎక్కడ మొదలవుతుందో పేజీ పేజీకీ తెలుస్తుంది. 1956 నాటి అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం చిన్నదే, ఒక పూటలో అయిపోతుంది. ఎవరైనా ఫలానా ప్రాజెక్టుకి ఇన్ని టీఎంసీలు అందుబాటులో ఉన్నాయని చెప్తే, ఎన్ని శాతం విశ్వసనీయత మీద, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, పై వాడకం ఎవరిచ్చిన లెక్క అని అడగడం అలవాటు చేసుకోండి. ఇంటర్వ్యూలో అడిగినా, అసెంబ్లీలో అడిగినా జవాబు ఒకేలా ఉండాలి. సందేహాలుంటే కింద రాయండి, ముఖ్యంగా రేటింగ్ కర్వ్ గురించి, అది క్లాసులో సరిగ్గా చెప్పరు.